పాకశాల: జపానువారి ఆలిచిప్పల ఆవిరివంట

దినుసులు పెంచినకొలది వంటకు రుచి హెచ్చునని మనలో ననేకుల తలంపు. జపాను గృహిణులు ఆలిచిప్పలను వండు తీరు నెఱిగినచో నా తలంపు కొంత సడలును. ‘అసారి’ యను చిన్న చిప్పలను వారు ‘సాకే’ యను బియ్యపు మద్యముతో ఆవిరిపై నుడికింతురు. దీనికి ‘సకముషి’ యని పేరు. వసంతకాలమున సముద్రపు నీరు వెనుకకు తీసినపుడు పిల్లలతో తీరమునకు బోయి, యిసుక త్రవ్వి, యీ చిప్పల నేఱుట అచ్చటివారికి వేడుక.

ఈ వంటకు ప్రాణము చిప్పలోని సహజరసమే. 1908లో ఇకెదా యను జపాను శాస్త్రజ్ఞుడు ‘కొంబు’ యను సముద్రపు నాచునుండి గ్లుటమేటును వేఱుచేసి, దాని రుచికి ‘ఉమామి’ యని పేరిడెను. చిప్పలరసమునందును ఆ రుచియే గలదు. మసాలా వేసితిమేని యది మరుగుపడును.

నలుగురికి అరకిలో చిప్పలు చాలును. లీటరు నీట 30 గ్రాముల ఉప్పు కరగించి, వెడల్పు పళ్లెరమున చిప్పలను ఒక వరుసగా బఱచి, వెలుగు సోకకుండ గప్పి, చల్లనిచోట రెండుమూడు గంటలుంచిన అవి యిసుకను గ్రక్కును. పిదప నొకదానితో నొకటి రుద్ది కడుగవలయును. పగిలినవానిని, తట్టినను నోరు మూయనివానిని పారవేయుడు. ఇచ్చట పొదుపు పనికిరాదు. చచ్చిన చిప్ప యొక్కటి చాలును, ఇంటిల్లిపాదికి జబ్బు చేయుటకు.

బాణలిలో చిప్పలను, సన్నగా దరిగిన అల్లమును, 100 మిల్లీలీటర్ల సాకేను వేసి, మూతపెట్టి, పెద్దమంటపై నుంచుడు. నాలుగైదు నిమిషములలో నోళ్లు విచ్చును. అటుపిమ్మట మఱి నాలుగు నిమిషములు ఆవిరి పట్టించుడు. మాంసము కొంత గట్టిపడినను గర్భిణులకు, వృద్ధులకు నదియే క్షేమము. విచ్చనివానిని తీసివేయుడు. ఉప్పు వేయకుడు, చిప్పలలో సముద్రపు టుప్పు ఉండనే యున్నది. నాలుగు చుక్కల సోయారసము, ఉల్లికాడల తఱుగు చాలును.

ద్రాక్షాసవము పుచ్చుకొను ఇండ్లలో దీనికి ఎఱ్ఱనిది తగదు. ఆసవములోని ఇనుము హెచ్చినకొలది చిప్పలతో గలసి నోట నీచువాసన హెచ్చునని 2009లో జపాను పరిశోధకులు ప్రకటించిరి. ఎఱ్ఱనివానిలో ఇనుము తఱచుగా నెక్కువ. యమనాషి సీమలో పండు ‘కోషు’ ద్రాక్షతో జేసిన తెల్లని ఆసవము తేలికయై, కొంచెము పులుపుగలదై, యీ వంటకు చక్కగా నమరును. ఆ సీమవారు ఈ విద్య నేర్చుటకై 1877లోనే యిరువురు యువకులను ఫ్రాన్సుకు బంపిరి.

మా ముఖ్యమైన మనవి యొకటి. పొయ్యిమీద మద్యమంతయు నావిరియై పోవునను మాట సత్యము కాదు, కొంత మిగులును. మద్యము ముట్టని అతిథికి చెప్పక వడ్డించుట నమ్మకద్రోహము. చిప్పలు సరిపడని వారును గలరు. వారిని ముందే యడుగవలయును. మద్యము వలదనువారికి సాకేకు బదులు కొంబు నానిన నీటిని వాడుడు, కమ్మదనమునకు లోటుండదు.

అడుగున మిగిలిన రసమును పారవేయకుడు. ఇసుక దిగిన చివరి గరిటెడు మాత్రము విడిచి, తక్కినది వేడియన్నముపై పోసికొనుడు. చిప్పలకంటె నదియే రుచి యనువారు పెక్కురు.