వంద చూపిస్తే సరిపోదు

రామగుండం జలాశయంపై ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం 2022లో పూర్తయింది. మంచిదే, కాదనం. కానీ అదే రామగుండంలో 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. ఆ పక్కనే 2023–24లో మరో 1,600 మెగావాట్ల బొగ్గు యూనిట్లు వచ్చాయి. సోలార్ ఫొటోలో ఈ లెక్క కనిపిస్తుందా?

బోయిగూడలో ఫ్యాను తిరగడానికి అక్కడ బొగ్గు కాలుతుంది. బూడిద కుందనపల్లి చెరువుకు చేరుతుంది. బూడిదను నూరు శాతం వినియోగించాలని కేంద్రం 2021 డిసెంబర్ 31నే నోటిఫికేషన్ ఇచ్చింది.

పర్యావరణహితమని రైతు నమ్మాలంటే రంగుల నివేదిక చాలదు. ఎంత బూడిద వచ్చింది, ఎటు పోయింది, బావి నీళ్ల పరీక్షలో ఏం తేలింది? నెలనెలా తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. గ్రామసభకు వచ్చి జవాబు చెప్పాలి. సభ్యులారా, వచ్చే గ్రామసభలోనే ఈ తీర్మానం పెట్టండి!