టిఫా స్కాన్‌లో ఆ కొలత కూడా తీయాలి

నెలలు నిండకుండానే కాన్పు అయితే ఇంట్లో ముందుగా నింద పడేది తల్లి మీదే. బరువులెత్తిందని, మెట్లెక్కిందని, మాట వినలేదని అంటారు. ముప్పును ముందే పసిగట్టే పరీక్ష ఒకటుందని, అది ఆమెకు ఎవరూ చేయలేదని మాత్రం ఎవరికీ తట్టదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లలు సుమారు కోటీ 34 లక్షల మంది. అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు అతి పెద్ద కారణం కూడా ఇలా నెలలు నిండకుండా పుట్టడమే.

కాన్పు దాకా బిడ్డను లోపల నిలిపి ఉంచేది గర్భసంచి మూతి. ఆరో నెల నాటికి దాని పొడవు మామూలుగా మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. అది ఎంత పొట్టిగా ఉంటే నొప్పులు ముందే వచ్చే ముప్పు అంత ఎక్కువని 1996లో అమెరికాలో దాదాపు మూడు వేల మంది గర్భిణులను పరిశీలించిన అధ్యయనం తేల్చింది. 25 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే జాగ్రత్తపడాలి. కొలవడానికి పట్టేది ఐదు నిమిషాలే. గర్భిణి మూత్రానికి వెళ్లొచ్చాక సన్నటి ప్రోబ్‌తో లోపలి నుంచి స్కాన్ చేస్తారు. మూడుసార్లు కొలిచి, అన్నింట్లో చిన్న కొలతను రాసుకుంటారు. పొట్ట మీద నుంచి చూసి సరిపెడితే, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు పొట్టి మూతి కూడా పొడవుగా కనబడుతుంది. లోపలి స్కాన్ వల్ల బిడ్డకు హాని లేదు. ఈ సంగతి గర్భిణికి, ఆమె అత్తగారికి కూడా ఓపిగ్గా చెప్పాలి.

తెలిస్తే చేయగలిగిందేమిటి? మూతి పొట్టిగా ఉన్నవాళ్లు రోజూ యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మందు వాడితే 33 వారాలలోపు కాన్పులు మూడో వంతుకు పైగా తగ్గాయని 2018లో వచ్చిన విశ్లేషణ చూపింది. గతంలో నెలలు తక్కువ కాన్పు అయినవారికి అవసరాన్ని బట్టి కుట్టు వేస్తారు. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదనే మాట ఇంకా వినబడుతోంది. అది పూర్తిగా తప్పు. ముందే పుట్టే ముప్పున్న బిడ్డకు కడుపులో దక్కే ప్రతి వారమూ విలువైనదే.

తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆస్పత్రుల్లో, కడుపులోని బిడ్డకు అవయవ లోపాలేమైనా ఉన్నాయేమో చూసే టిఫా స్కాన్ యంత్రాలు 56 ప్రారంభించింది. మెచ్చుకోదగ్గ పని. టిఫా చేసే 18-22 వారాలే ఈ కొలతకూ తగిన సమయం. అందరికీ అక్కర్లేదు, గతంలో ఇబ్బంది పడ్డవారికి చేస్తే చాలని కొందరు నిపుణులు అంటారు. మరి తొలి చూలు గర్భిణికి గతం ఎక్కడుంది? ఆమెకు ముప్పుందని ఇంకెలా తెలుస్తుంది? రేడియాలజిస్టుల మీద పని పెరుగుతుందన్నది నిజమే. అందుకు సిబ్బందిని పెంచాలి తప్ప పరీక్షను ఎగ్గొట్టకూడదు.

నొప్పులు మొదలయ్యాక పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. ఫీటల్ ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ కోసం దూదిపుల్లతో యోని స్రావం తీసి చూస్తారు. వేలితో లోపల పరీక్షించకముందే ఇది తీయాలి. ప్రోటీన్ లేదని తేలితే వచ్చే వారంలో కాన్పు కావడం చాలా అరుదు. ఉందని తేలినంత మాత్రాన కాన్పు ఖాయమనుకోకూడదు. దీని అసలు బలం అనవసరపు భయాన్ని, అర్ధరాత్రి 108 ప్రయాణాన్ని తప్పించడంలోనే ఉంది. పైగా బిడ్డ ఊపిరితిత్తులను బలపరిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశాక ఒక రోజు నుంచి వారంలోపు కాన్పు జరిగితేనే పూర్తి మేలు. కాబట్టి ఎవరికి వేయాలో, ఎప్పుడు వేయాలో తెలియడం ముఖ్యం. 34 వారాలలోపు నొప్పులు వచ్చిన గర్భిణికి ఏఎన్‌ఎం కూడా డెక్సామెథసోన్ తొలి డోసు ఇచ్చి పెద్దాస్పత్రికి పంపవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు టిఫా నివేదికలో గర్భసంచి మూతి పొడవు నమోదును తప్పనిసరి చేస్తూ వెంటనే ఉత్తర్వులివ్వాలి. ప్రొజెస్టిరాన్‌ను ఉచిత మందుల జాబితాలో ఉంచి ఏరియా ఆస్పత్రుల్లో నిల్వ అయిపోకుండా చూడాలి. ఈలోగా ఐదో నెల స్కాన్‌కు వెళ్లే ప్రతి గర్భిణీ మూతి పొడవెంతో డాక్టరును అడిగి, ఆ అంకెను తన కార్డు మీద రాయించుకోవాలి.