ఎంత తిన్నావని అడిగేవాళ్లే గానీ, ఎన్నింటికి తిన్నావని అడిగేవాళ్లేరీ?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు షుగరు బిళ్లో బీపీ బిళ్లో లేని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. అందరూ అన్నాన్నే తిడుతున్నారు. 1986లో మన బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇప్పుడు దోషి అయి కూర్చుంది. పాలిష్ పట్టిన తెల్లన్నం కుప్పగా తింటే చెరుపే, కాదనను. కానీ తప్పులో సగం వేళది అంటాను నేను.

ఒంట్లో ఇన్సులిన్ అంటే కాలవ మీద లస్కరు అనుకోండి. రక్తంలోని చక్కెరని కండల్లోకి వదిలే తూము అతని చేతిలో ఉంటుంది. పగలు చురుగ్గా ఉంటాడు. పొద్దుగూకాక మెదడులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఊరుతుంది. అది ఇన్సులిన్‌ని తగ్గిస్తుంది. అందుకే పొద్దున తిన్న అన్నమే రాత్రి పదింటికి తింటే షుగరు ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువసేపు నిలబడుతుంది. ఒంట్లోని ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు.

రక్తనాళాలకీ దీంతో పనుంది. నాళం లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వదిలించి, నాళాన్ని వదులు చేయడం కూడా ఇన్సులిన్ పనే. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే నాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎక్కుతుంది. మామూలుగా నిద్రలో బీపీ పది నుంచి ఇరవై శాతం దిగాలి. మెలకువగా ఉన్నవాడికి ఆ విశ్రాంతి ఉండదు. తెల్లారుజామున కార్టిసాల్ లేస్తుంది, బీపీ లేస్తుంది. గుండెపోట్లు ఉదయం పూట ఎక్కువ రావడానికి అదొక కారణం.

ఇప్పుడు మనవాళ్లని చూడండి. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తెల్లారగట్ల బాగా పడిపోతుంది. ఏరియేటర్లు ఆగకుండా చూడ్డానికి మనిషి రాత్రంతా కాపలా ఉండాలి. రొయ్యకి గాలి అందుతోంది, మనిషికి నిద్ర అందట్లేదు. టౌన్లో కొట్టు కట్టేసి పదిన్నరకి కంచం ముందు కూర్చునేవాళ్లూ అంతే.

నేననేది ఇదీ. ఊళ్లలో 30 ఏళ్లు దాటినవాళ్లకి షుగరు, బీపీ చూస్తున్నారు, సంతోషం. రాత్రి ఎన్నింటికి తింటావు, ఎన్నింటికి పడుకుంటావు అని కూడా అడిగి రాసుకోవాలి. చెరువుల యజమానులు ఒక్కడి మీదే నెలల తరబడి రాత్రులు రుద్దకుండా మనుషుల్ని పంచాలి. కాపలాకెళ్లే మనిషికి చీకటిపడకముందే భోజనం పెట్టాలి. ఇంట్లో మనం కూడా అన్నం మధ్యాహ్నం తృప్తిగా తిని, రాత్రి తక్కువగా, ఏడు ఏడున్నరకల్లా ముగిద్దాం.

ఒక్క హెచ్చరిక. ఇన్సులిన్ సూదులు, షుగరు బిళ్లలు వాడేవాళ్లు నా పోస్టు చదివి రాత్రి తిండి మానేయొద్దు. షుగరు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. వేళ మార్చాలన్నా డాక్టరుగారిని అడిగే మార్చండి.

అదనుకి వేసిన విత్తనమే పండుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిండికీ అదనుంది.

చెరువుల మీద కాపలా కాసే మనవాళ్లకి ఇది చదివి వినిపించండి.