ఆవిరిని పట్టే బోను

ఎలుకల బోను చూడనివారు ఉండరు. ఆవిరిని పట్టే బోను కూడా ఒకటి ఉన్నది. దాని పేరు స్టీమ్ ట్రాప్. పాల డెయిరీలలో, పెద్ద ఆసుపత్రుల లాండ్రీలలో, అద్దకం మిల్లులలో ఆవిరి గొట్టాల చివర ఒక ఇనుప పెట్టెలా కూర్చుని ఉంటుంది. ఎవరూ దానివంక చూడరు.

ఆవిరిని పట్టడం ఎందుకంటారా? గ్రాము నీటిని సున్న డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 100 కేలరీలు చాలు. మరుగుతున్న ఆ నీటినే ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. ఈ దాగిన వేడి సంగతి 1760 ప్రాంతాల గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు తేల్చాడు. ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు ఆ 540 తిరిగి ఇచ్చేస్తుంది. మన ఇడ్లీలు ఉడికేది ఈ వేడితోనే! ఇచ్చేశాక మిగిలిన నీరు యంత్రానికి అడ్డం. దాన్ని బయటికి పంపాలి, ఆవిరిని మాత్రం పోనివ్వకూడదు. పోయిందా, బాయిలరు కింద కాల్చినదంతా గాలిపాలు.

మరి రెండూ ఒకే గొట్టంలో వస్తాయే, వేరుచేసేది ఎవరు?

మేడమీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతిని చూశారు కదా. నీరు నిండగానే అది పైకి లేచి కొళాయి కట్టేస్తుంది. ఫ్లోట్ ట్రాపులోనూ అటువంటి డొల్ల బంతే, కాకపోతే పని తలకిందులు. నీరు చేరితే బంతి లేచి, దాని కాడ అడుగున ఉన్న వాల్వును తెరుస్తుంది. నీరు తగ్గితే దిగి మూస్తుంది. వాల్వు ఎప్పుడూ నీటిలో మునిగే ఉంటుంది గనుక ఆవిరికి దారి దొరకదు. నీటికి నీరే తాళం! ఎంత నీరు వస్తే బంతి అంతే లేస్తుంది, అందుచేత ధార ఆగి ఆగి కాక నిదానంగా పోతూనే ఉంటుంది.

పొద్దున్నే బాయిలరు అంటించినప్పుడు గొట్టాల నిండా గాలి ఉంటుంది. గాలి బంతిని లేపలేదు. అందుకని పైన ఇంకో చిన్న ద్వారం పెట్టారు. చల్లగా ఉన్నంతసేపు తెరిచి ఉండి, ఆవిరి సెగ తగలగానే దానంతట అదే మూసుకుంటుంది.

నీరు పోకపోతే ఏమవుతుంది? 2007 జూలై 18 సాయంత్రం న్యూయార్కులో, 1924లో వేసిన ఆవిరి గొట్టమొకటి నడివీథిలో పేలింది. ఒకరు మరణించారు, అనేకులు గాయపడ్డారు. లీకు మాన్పడానికి వేసిన లప్పం పెచ్చులు అక్కడి ట్రాపులలో అడ్డుపడ్డాయట. ఆనాటి భారీ వానకు గొట్టం చల్లబడి లోపల నీరు పేరుకుంది. ఆ నీటి మధ్య ఆవిరి చిక్కి ఒక్కసారిగా కుంచించుకుపోతే, నీరు సమ్మెటలా గొట్టాన్ని బాదింది.

ఆ సమ్మెట దెబ్బ బంతినీ వదలదు. చిల్లిపడితే అది నీరు తాగి మునుగుతుంది, వాల్వు ఇక తెరుచుకోదు. పీడనం హద్దు మీరినా అంతే, వాల్వును లాగడానికి బంతి బలం చాలదు. అలా మూతపడ్డ ట్రాపు చల్లబడిపోతుంది. థర్మామీటరు ఆనించిన మేస్త్రీకి విషయం వెంటనే తెలిసిపోతుంది.