ట్రాక్ సరదా సరే, పెట్రోల్ వాసన సంగతేంటి?



ఆదివారాలు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు కార్లు తీసుకెళ్లే మన కుర్రాళ్లను మేము వద్దనడం లేదు. ఈసీఆర్ మీద రేసులాడే కన్నా అదే నయం. కానీ ఒక్క మాట.

ట్రాక్ మీద టర్బో, ఎగ్జాస్ట్ విపరీతంగా వేడెక్కుతాయి. అదురుకి క్లిప్పులు వదులవుతాయి. పాత రబ్బరు పైపులకు ఇథనాల్ పడదు. ఇప్పుడు బంకుల్లో పోసేదేమో ఈ20. పైపు చెమర్చి, నాలుగు చుక్కలు ఎగ్జాస్ట్ మీద పడితే చాలు.

2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమైన్ గ్రోజాన్ దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉండి బయటపడ్డాడంటే, అది హేలో, అగ్నినిరోధక సూటు, వెనకే వచ్చిన మెడికల్ కారు చలవ. రాత్రికి కారు చేరే మన సెల్లార్‌లో ఏముంది? పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. అక్కడే పేరుకుంటుంది. పైన నిద్రపోయేది మన పిల్లలు, పెద్దవాళ్లు.

అందుకే మేము అడిగేది ఇంతే. ట్రాక్‌కు వెళ్లే ముందూ, వచ్చాకా పైపులు, క్లిప్పులు మెకానిక్‌కు చూపించండి. కారులో పౌడర్ సిలిండర్ ఉంచండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయకండి. వాసన వస్తే స్టార్ట్ చేయకండి, సెల్లార్‌లోకి అసలే తేకండి.

టైర్లకు వేలు పోసేవాళ్లకు ఒక పైపు ఖర్చు బరువా? వచ్చే మీటింగులో దీన్ని నియమంగా పెడదాం. అందరూ రండి.