బ్లాకు వయసెంత?

మొన్న బళ్లారిలో సిమెంటు బ్లాకుల వాళ్లు ఇంజనీర్లను, మేస్త్రీలను పిలిచి టిఫిను పెట్టి మాట్లాడినారు. మా అల్లుడు మేస్త్రీ, నన్నూ తోడుకపోయినాడు. బోలు బ్లాకు 40 సెంటీమీటర్ల పొడవు, 20 ఎత్తు. గోడ బిరబిరా లేస్తుందన్నారు. నిజమే. కానీ మిల్లు దుడ్లతో నేను కట్టిన వెనక గది గోడ ఏడాదికే చీలె. పోసి వారం కాని బ్లాకులు నాకు పంపినారని తర్వాత తెలిసింది.

బ్లాకును కనీసం 14 రోజులు తడపాల, ఆపైన నాలుగు వారాలు ఆరబెట్టాల. మన తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ స్లాగు కలిసిన సిమెంటైతే నిదానంగా బిగుస్తుంది, తడుపు ఇంకా ముఖ్యం. కట్టేటప్పుడు మాత్రం ఇటుక మాదిరి నానబెట్టగూడదు. ఆరేటప్పుడు కుంచించుకుని గోడ చీలుతుంది.

“పోసిన తేదీ బ్లాకు మీద రాస్తారా సారూ?” అని అడిగితిని. నవ్వి ఊరుకున్నారు. మా అల్లుడు ఇప్పుడు తేదీ చెప్పందే లోడు దించనీడు.