గెగెగె కితారో, మా ఇంటి కులంబర్ దెయ్యం

జూలై బడి సెలవుల్లో మా మనవరాలు నన్నొక ప్రశ్న అడిగింది. "తాతా, మన దెయ్యాల పేర్లేంటి?"

గంగాలిన్‌లో జూలై అంటే మీకు చెప్పక్కర్లేదు. తొమ్మిదైనా పొగమంచు వదలదు, కారు అద్దం మీద మంచు గీకితే గానీ బండి కదలదు. ఆ పూట ఇద్దరం హీటర్ ముందు ఒకే దుప్పటి కప్పుకుని జపాన్ కార్టూన్ చూస్తున్నాం. పేరు 'గెగెగె నో కితారో'. తెరమీద ఒక కనుగుడ్డు టీ కప్పులో కూర్చుని వేణ్ణీళ్ల స్నానం చేస్తోంది. దానికి కాళ్లూ చేతులూ ఉన్నాయి. అది ఆ కథానాయకుడి నాన్నట! నవ్వాలో జడుసుకోవాలో నేను తేల్చుకునే లోపలే ఆ ప్రశ్న వచ్చి పడింది. పదకొండేళ్ల పిల్లకి జపాన్ దెయ్యాలు ముప్పయి నలభై పేర్లతో సహా తెలుసు. మన దెయ్యం ఒక్కటీ తెలీదు.

మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఈ నెల నాలుగు మాటలు మీతోనే.

ముందు ఈ కితారో ఎవరో చెప్తాను. దెయ్యాల జాతిలో మిగిలిన ఆఖరి పిల్లవాడు. చనిపోయిన తల్లి సమాధిలోంచి పుట్టాడు. ఎడమ కన్ను లేదు, జుట్టు దాని మీదికి పడి ఉంటుంది. దగ్గర్లో దెయ్యం ఉంటే తలమీద ఒక వెంట్రుక నిక్కబొడుచుకుంటుంది. కాళ్లకున్న చెక్క చెప్పులు చెప్పిన చోటికి ఎగిరి వెళ్లి కొట్టి వస్తాయి. తండ్రి చనిపోయినా కొడుకు మీద బెంగ తీరక ఒక కన్ను మాత్రం బతికి, ఆ పిల్లవాడి జుట్టులో కూర్చుని బుద్ధులు చెబుతుంటుంది. ఇక స్నేహితులు. గుప్పెళ్లతో ఇసక చల్లే ముసలమ్మ. పసిబిడ్డలా ఏడ్చే ముసలాడు, జాలిపడి ఎత్తుకుంటే రాయంత బరువైపోతాడు. గాల్లో ఎగిరే గుడ్డ తాను. రాత్రిపూట దారికి అడ్డం నిలబడే గోడ. వీళ్లందరిలో నాకు నచ్చినవాడు ఎలుక మనిషి. సగం మనిషి, సగం దెయ్యం. జన్మలో స్నానం చెయ్యడు. నాలుగు డబ్బులకోసం స్నేహితుణ్ణి అమ్మేస్తాడు, పని చెడ్డాక ఏడుస్తూ వచ్చి మళ్లీ చేరతాడు. మన లైన్లలో ఇలాంటి సర్దార్లు ఎంతమందో అనిపించింది.

దీన్ని బొమ్మల కథగా గీసి పేరు తెచ్చినవాడు మిజుకి షిగేరు. 1922లో పుట్టి, సకాయిమినాతో అనే రేవు ఊళ్లో పెరిగాడు. వాళ్లింటికి పనికి వచ్చే ఒక పేద ముసలమ్మ ఉండేది, నోన్నోన్‌బా అని పిలిచేవాడు. మన ముసలమ్మల్లాగే దీపాలవేళ దెయ్యం కథలు చెప్పేది. ఈ అటక మీద ఫలానాది ఉంటుంది, ఆ స్నానాల తొట్టిలో ఫలానాది నాకుతుంది అని. పిల్లవాడు అన్నీ నమ్మాడు. సొంత పేరు షిగేరు అనడం నోరు తిరక్క 'గెగె' అనేవాడట, ఊళ్లో అదే ముద్దుపేరైంది. కథ పేరులో గెగెగె అక్కణ్ణించే.

ఇప్పుడు మనకి దగ్గర సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ కుర్రవాణ్ణి సైన్యంలోకి లాగి రబౌల్ పంపారు. న్యూ బ్రిటన్ దీవిలో రబౌల్ 1914 నుంచి ఆస్ట్రేలియా చేతిలో ఉండేది. 1942 జనవరిలో జపాన్ వాళ్లు పట్టుకున్నారు. ఒక తెల్లవారుజామున మిజుకి కాపలాలో ఉండగా అతని దళం మీద దాడి జరిగింది. అందరూ పోయారు, అతనొక్కడే మిగిలాడు. అడవిలో పడి పారిపోతుంటే చీకట్లో కనబడని గోడేదో అడ్డం నిలిచి ముందుకు పోనివ్వలేదని తర్వాత రాసుకున్నాడు. నోన్నోన్‌బా చెప్పిన గోడ దెయ్యం అదేనని అతని నమ్మకం. ప్రాణాలతో తిరిగొస్తే పైఅధికారులు సంతోషించలేదు సరికదా, అందరితో పాటు ఎందుకు చావలేదని తిట్టారు. ఆ తర్వాత మలేరియా. ఆ తర్వాత బాంబుదాడిలో ఎడమ చెయ్యి పోయింది. ఒంటిచేత్తో ఉన్న ఆ కుర్రవాణ్ణి అక్కడి తోలై ఊరివాళ్లు తిండి పెట్టి, తోటలో చోటిచ్చి దగ్గరికి తీశారు.

అదే రబౌల్ చుట్టుపక్కల, అదే రోజుల్లో, మన దేశపు సిపాయిలు ఉన్నారని మీలో ఎంతమందికి తెలుసు? సింగపూర్‌లో జపాన్‌కి చిక్కిన భారతీయ సైనికుల్ని వేలమందిని ఓడలెక్కించి అక్కడికి తెచ్చి కూలిపని చేయించారు. 1945లో ఆస్ట్రేలియా సైన్యం వెళ్లి, న్యూ బ్రిటన్‌లో మిగిలిన అయిదు వేల పైచిలుకు మందిని విడిపించింది. వాళ్ల ఫొటోలు మన ఊళ్లోనే, వార్ మెమోరియల్‌లో ఉన్నాయి. ఓడలు, సముద్రం అవతల దీవి, అడ్డమైన చాకిరీ. మనకి తెలిసిన కథే, ఏళ్లు వేరు.

యుద్ధం నించి తిరిగొచ్చిన మిజుకి మిగిలిన కుడిచేత్తో బొమ్మలు గీసి పొట్టపోసుకున్నాడు. కితారో అతని సొంత కల్పన కాదు. 1930లలో వీధుల్లో పెట్టె మీద బొమ్మలు మార్చుతూ కథ చెప్పేవాళ్లు, మిఠాయి కొన్న పిల్లలు చూసేవాళ్లు. ఆ బొమ్మల్లో ఈ సమాధి పిల్లవాడు ఉండేవాడు. 1954లో మిజుకి అదే వీధి బొమ్మలకోసం తన కితారోని గీశాడు. 1960లో అద్దె పుస్తకాల్లోకి తెచ్చాడు. అప్పుడు పేరు 'హకాబా కితారో', అంటే శ్మశానం కితారో. బొమ్మలు వికారంగా, పిల్లవాడు కాస్త దుర్మార్గంగా ఉండేవాడు. టీవీకి వెళ్లబోయే ముందు శ్మశానం మాట తీసేసి గెగెగె పెట్టారు. 1968లో నలుపు తెలుపులో మొదటి సీరియల్ వచ్చింది. తర్వాత 1971, 1985, 1996, 2007, 2018. ప్రతి తరానికీ ఒకటి. 2007, 2008లలో మనుషులు నటించిన సినిమాలు. 2008లోనే పాత శ్మశానం కథని ఉన్నదున్నట్టు పెద్దవాళ్లకోసం పదకొండు భాగాలుగా తీశారు.

ప్రతిసారీ మార్చారు. 2018 దాంట్లో మొదటి భాగంలోనే టోక్యో నడిబొడ్డున జనం చెట్లైపోతుంటే మిగతావాళ్లు ఫోన్లెత్తి వీడియోలు తీసుకుంటుంటారు. మొదట్లో పొట్టిగా, గుండ్రంగా ఉన్న పిల్లి అమ్మాయి పొడుగ్గా సాగింది. మార్చారని తిట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఒకటి చూడండి. 1968లో కితారోకి గొంతు ఇచ్చిన నొజావా మసాకో, యాభై ఏళ్ల తర్వాత 2018లో అతని తండ్రికి, ఆ కనుగుడ్డుకి, గొంతు ఇచ్చింది. కొడుకుగా పలికిన ఆమే తండ్రిగా పలికింది. మా మనవరాలు ఈ మాట చెప్పినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాను. ఎందుకో అక్కడ కూర్చోలేకపోయాను.

మనకి ఇలాంటివి లేవా? ఉన్నాయి. చందమామలో దెయ్యాలు ఎంత మర్యాదస్తులో మీకు గుర్తుందా? గయ్యాళి అత్తకి బుద్ధి చెప్పేవి, పేదవాడికి సాయం చేసేవి. శవాన్ని భుజాన మోసుకెళ్లే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గీస్తే మనం భయపడుతూనే పేజీ తిప్పేవాళ్లం. 2017లో 'ఆనందో బ్రహ్మ' అని ఒక సినిమా వచ్చింది, అందులో మనుషుల్ని చూసి దెయ్యాలు బెదిరిపోతాయి. భయాన్నీ నవ్వునీ ఒకే గిన్నెలో వండడం మనకి కొత్త కాదు. కానీ ఇవన్నీ ఆంధ్రదేశంలో ఉండిపోయినవాళ్లవి. 1903 నుంచి మద్రాసు ఓడలెక్కి ఫిజీ వెళ్లినవాళ్ల దెయ్యాల సంగతి?

మా ఇంట్లో ఒకటి ఉండేది. కులంబర్ దెయ్యం.

కులంబర్ అంటే మీకు తెలుసు, లైన్ల మీద తెల్ల ఓవర్సీరు. పొద్దున్నే గొలుసుతో చెరకు చాళ్లు కొలిచి టాస్కు ఇచ్చేవాడు. టాస్కు పూర్తిచేస్తే మగవాళ్లకి ఒక షిల్లింగు, ఆడవాళ్లకి తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కూలి కోత. లంబాసాలో మా నాయనమ్మ చెప్పిన ప్రకారం, ఒక కులంబర్ చచ్చి దెయ్యమయ్యాడు. రాత్రిపూట చెరకులో గొలుసు ఈడ్చుకుంటూ చాళ్లు కొలుస్తాడు. ఎన్నిసార్లు కొలిచినా పుస్తకంలో రాసుకున్నదానికంటే ఒక గొలుసు ఎక్కువొస్తుంది. తెల్ల దొర కదా, లెక్క తప్పితే ఊరుకోలేడు. మళ్లీ మొదటి చాలు దగ్గరికి పోతాడు. తెల్లారేవరకూ అదే పని.

ఎందుకు ఎక్కువొస్తుంది? అక్కడ నాయనమ్మ గొంతు తగ్గించేది. వాడు బతికుండగానే లైన్లలో ఆడవాళ్లు రాత్రికి రాత్రి గొలుసులోంచి ఒక్కొక్క లింకు తీసేశారట. గొలుసు పొట్టిదైతే టాస్కు పొట్టిదవుతుంది. తీసిన లింకు మా ముత్తవ్వ పిండి డబ్బాలో దాచింది. "వాడొచ్చి అడిగితే చెప్పకండర్రా!" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం. కథ అయ్యాక నాయనమ్మ పొలం గట్టు మీద మామిడిచెట్టు వైపు తిరిగి ఒకసారి దణ్ణం పెట్టేది. కులంబర్‌కి దణ్ణమేంటని దానికీ నవ్వేవాళ్లం.

1987 తర్వాత మేం ఇక్కడికి వచ్చేశాం. సూట్‌కేసుల్లో ఏం సర్దామో నాకు గుర్తుంది, కులంబర్‌ని సర్దలేదు. చాలా ఏళ్లకి మా పెద్దత్తయ్య, తను పోయే ముందు, ఆ దణ్ణం సంగతి చెప్పింది. ముత్తవ్వతో ఒకే ఓడలో వచ్చిన ఒకావిడ ఆ మామిడిచెట్టు దగ్గర ప్రాణం తీసుకుందట. కారణం కులంబరట. గిర్మిట్ రోజుల్లో కూలీలు వెళ్లిన దేశాలన్నిటిలో ఆత్మహత్యలు ఫిజీలోనే ఎక్కువని చరిత్రకారులు రాశారు. నేనది చదివాను. చదివినప్పుడు అది అంకె. అత్తయ్య చెప్పాక అది చెట్టయింది.

నాయనమ్మ కథలో ఆవిడ లేదు. కులంబర్‌కి శిక్ష మాత్రం ఉంది, ముగింపు లేని శిక్ష. దాని మీద పిల్లల నవ్వు ఉంది. ఆవిడకి ఒక దణ్ణం ఉంది. చెప్పలేనిదాన్ని నాయనమ్మ అలా చెప్పుకుంది.

మిజుకి చేసిందీ అదేననుకుంటాను. చచ్చిపోయిన దళాన్ని గురించి నేరుగా రాయడానికి అతనికి 1973 దాకా పట్టింది. అంతకు ముందు పిల్లలకి దెయ్యాల్నీ ఎలుక మనిషినీ ఇచ్చి నవ్వించాడు. 2015లో అతను పోయాడు. 2023లో కితారో పుట్టుక మీద ఒక సినిమా వచ్చింది, పెద్దవాళ్లకి. అందులో కథ 1956లో జరుగుతుంది. నాయకుడు యుద్ధంలో అందరూ పోగా మిగిలినవాడు, పేరు మిజుకి. మొదటి సీరియల్ వచ్చిన యాభై అయిదేళ్లకి కథ తన అసలు గాయం దగ్గరికి తిరిగొచ్చింది. మధ్యలో ఆరు తరాల పిల్లలు నవ్వుతూ దాన్ని మోసుకొచ్చారు కాబట్టే రాగలిగింది.

అందుకని ఆ పూట నేను మనవరాలికి కులంబర్ కథ చెప్పాను. సగం ఇంగ్లీషులో, సగం మన తెలుగులో, మధ్యలో ఫిజీ హిందీ మాటలతో. చెట్టు సంగతి చెప్పలేదు. పదకొండేళ్లకి గొలుసు చాలు. చెట్టు సంగతి ఇక్కడ మీకు చెప్తున్నాను, ఎందుకంటే అత్తయ్య పోయాక అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పిల్ల పెద్దదయ్యాక ఈ పేజీ చదువుకుంటుంది.

మర్నాడు పొద్దున్న డైనింగ్ టేబుల్ మీద ఒక బొమ్మ ఉంది. కులంబర్ టోపీ పెట్టుకుని గంగాలిన్ ప్లేస్‌లో ట్రామ్ పట్టాల మధ్య వంగి గొలుసు వేస్తున్నాడు. ఇక్కణ్ణించి సిటీకి పన్నెండు కిలోమీటర్లు. ఒక గొలుసు అరవై ఆరు అడుగులు. లెక్క తనే వేసింది, సుమారు ఆరువందల గొలుసులట. వెనక ట్రామ్ డ్రైవర్ గంట కొడుతున్నాడు, కార్డు చూపించమని ఇంకొకాయన అడుగుతున్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. చెరకేది, చాళ్లేవి అనిపించింది. తర్వాత చూస్తే బొమ్మ మూలన ఒక లంచ్ బాక్స్, అందులో సాండ్‌విచ్ పక్కన ఒక ఇనప లింకు.

"వాడొచ్చి అడిగితే చెప్పకు, తాతా," అంది.

మీ ఇంట్లో ఏ దెయ్యం ఉండేది? బావి దగ్గరా, మిల్లు దగ్గరా, లైన్ల వెనకా? ఎవరు చెప్పేవారు, ఏ ఊళ్లో? సంపాదకులకి రాసి పంపండి. ఏ భాషలో వస్తే ఆ భాషలో, గుర్తున్నంతవరకే. పిల్లలు బొమ్మ గీస్తే అదీ పంపండి. ట్రామ్ ఎక్కించినా సరే, ఫోన్ చేతికిచ్చినా సరే. కథ చివర్న మీ పెద్దవాళ్లు ఎటైనా తిరిగి దణ్ణం పెట్టేవారేమో గుర్తు చేసుకుని, అది మాత్రం తప్పకుండా రాయండి.